ఒకే దేశం పేరున్న రెండు కాఫీ ప్యాకెట్లు, రెండు రుచులు ఎందుకు?

మీరు అడిగినదాంట్లో మూడు ప్రశ్నలున్నాయి. ఇథియోపియా అని రాసి ఉన్న రెండు ప్యాకెట్లు కొంటే ఒకటి బాగా మగ్గిన పండ్ల వాసనతో కాస్త వైన్‌ను గుర్తు చేసింది, రెండోది పలచగా, నిమ్మ పులుపుతో టీలా అనిపించింది, రెండూ ఒకే దేశం గింజలైనప్పుడు ఇంత తేడా ఎలా వచ్చింది అనేది మొదటిది. ప్యాకెట్ల మీద బ్లూబెర్రీ, మల్లెపువ్వు, చాక్లెట్ అని రాస్తారు కదా, అవి నిజంగా కలుపుతారా అనేది రెండోది. బ్రెజిల్ గింజలని తెచ్చుకున్న మూడో ప్యాకెట్ నల్లగా, నూనెతో మెరుస్తూ ఉంది, చేదు తప్ప ఇంకేమీ తగల్లేదు, బ్రెజిల్ కాఫీ అంటే ఇంతేనా అనేది మూడోది. గింజలు కొనడం, వేయించడం, రుచి చూసి మంచిచెడ్డలు చెప్పడం చాలా ఏళ్లుగా నా పని, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ప్యాకెట్ మీద అందరూ మొదట చూసేది దేశం పేరు, కానీ రుచిని ఊహించడానికి అంతకన్నా తక్కువ పనికొచ్చే వివరం దాదాపు ఇంకోటి లేదు. కప్పులో మీకు తగిలేదాన్ని ఎక్కువగా తేల్చేవి, నా లెక్క ప్రకారం, గింజను ఎంతవరకు వేయించారు, పండులోంచి గింజను ఎలా వేరు చేసి ఆరబెట్టారు, కోసేటప్పుడు పండు ఎంత పండింది అనే మూడు. చెట్టు రకం, ఎత్తు, వాతావరణం గింజకు ఎంత సత్తా ఉందో నిర్ణయిస్తాయి, ఆ సత్తాలో కప్పు దాకా ఎంత మిగిలిందనేది మాత్రం ఆ మూడింటి చేతుల్లో ఉంటుంది.

కాఫీ పండు చిన్నది, చాలా రకాల్లో పండితే ఎర్రబడుతుంది, కొన్నిట్లో పసుపు రంగుకు వస్తుంది. పైన తోలు, దాని కింద పలచటి గుజ్జు, ఆ తర్వాత వేళ్లకు అంటుకుంటే వదలని తియ్యటి జిగురు పొర, ఆ లోపల పార్చ్‌మెంట్ అనే గట్టి పొట్టు, దాని కింద సిల్వర్ స్కిన్ అనే సన్నటి పొర, అన్నిటికన్నా లోపల ఎదురెదురుగా రెండు విత్తనాలు. ఒక్కోసారి రెండింట్లో ఒకటే పెరిగి గుండ్రంగా తయారవుతుంది, దాన్నే పీబెర్రీ పేరుతో విడిగా అమ్ముతారు. పీబెర్రీకి రుచి ఎక్కువని ప్రచారం ఉంది గానీ, అదే తోట నుంచి అదే రోజు కోసిన మామూలు గింజల పక్కన పెట్టి చూస్తే డబ్బు ఎక్కువ పెట్టేంత తేడా నాకు ఎప్పుడూ కనిపించలేదు. ఈ పొరల్లో జిగురు పొరను గుర్తుపెట్టుకోండి, మీ మొదటి ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

జాతుల సంగతి త్వరగా చెప్పేస్తాను. మార్కెట్‌లో కనిపించేది దాదాపు అంతా అరబికా, రోబస్టా. వేయించని పచ్చి అరబికా గింజలో కెఫీన్ సుమారు 1.2 శాతం ఉంటే రోబస్టాలో దానికి రెట్టింపు దాకా ఉంటుంది, చేదుకు, వగరుకు మూలమైన క్లోరోజెనిక్ ఆమ్లాలు కూడా రోబస్టాలోనే ఎక్కువ, చక్కెర, నూనెలు మాత్రం తక్కువ. అందుకే రోబస్టాలో నిండుదనం, ఘాటు ఉంటాయి, సున్నితమైన పండ్ల, పూల వాసనలు అరుదు. అలాగని రోబస్టా అంటే నాసిరకం అనేయడం అన్యాయం. ఇన్నాళ్లూ దాన్ని పచ్చీ పండూ కలిపి కోసి, నేల మీద ఆరబోసి, చవకగా అమ్మేశారు, అందుకే ఆ పేరు. పండినవే ఏరి కోసి, కడిగి, శుభ్రంగా ఆరబెట్టిన రోబస్టాలో కోకో, వేయించిన నట్స్ లాంటి కమ్మదనం చక్కగా వస్తాయి, ఎస్‌ప్రెసో మీద నురగ కూడా బాగా నిలబడుతుంది.

అరబికాలో మళ్లీ టిపికా, బోర్బన్, కెన్యాలో పేరున్న ఎస్ఎల్ 28 లాంటి రకాలు చాలా ఉన్నాయి. రకం వల్ల రుచి ఎంత మారుతుందో చూడాలంటే గేషాను చూడాలి. 1930ల్లో ఇథియోపియా అడవుల్లో సేకరించిన ఈ రకం చేతులు మారి మారి పనామా చేరింది. అక్కడి హసియెండా లా ఎస్మెరాల్డా తోట వాళ్లు 2004లో దాన్ని విడిగా కోసి పోటీకి పెట్టారు, మల్లెపూల వాసనతో అంతకుముందు పనామా కాఫీలో ఎవరూ ఎరగని రుచి అది, పోటీ గెలిచింది. నేల అదే, ఎత్తు అదే, తోట అదే, పక్కనే ఉన్న వేరే చెట్ల గింజల్లో ఆ వాసన లేదు. కాబట్టి రకానికి బలం ఉంది, సందేహం లేదు, కానీ గేషా అని రాసి ఉన్న ప్రతి ప్యాకెట్‌లోనూ ఆ మల్లె వాసన దొరకదు, ముదురుగా వేయిస్తే దాని జాడ కూడా మిగలదు.

ఎత్తు గురించి ఒక అపోహ ఉంది. 1900 మీటర్లు అని రాసి ఉంటే 1200 మీటర్ల దానికన్నా ఖాయంగా మంచిదని చాలామంది అనుకుంటారు. ఎత్తు నేరుగా రుచినివ్వదు, ఎత్తుకు వెళ్లేకొద్దీ చల్లగా ఉంటుంది, చల్లగా ఉంటే పండు నిదానంగా పండుతుంది, నిదానంగా పండిన గింజ గట్టిపడి చక్కెరలను, ఆమ్లాలను ఎక్కువ కూడగట్టుకుంటుంది. అసలు పని చేసేది చల్లదనం. భూమధ్యరేఖకు దగ్గరగా అయితే ఆ చల్లదనం కోసం చాలా పైకి వెళ్లాలి, దూరం జరిగేకొద్దీ అంత ఎత్తు అక్కర్లేదు. హవాయి దీవుల్లోని కోనా కాఫీ వెయ్యి మీటర్ల లోపే పండుతుంది, అయినా మంచి కాఫీయే. ఎక్కడిదో చూడకుండా మీటర్ల అంకె ఒక్కటే చూసి లాభం లేదు. నేల ప్రభావం కూడా అమ్మేవాళ్లు చెప్పినంత సూటిగా కప్పులోకి రాదు, అగ్నిపర్వత నేల అనే మాట చూసి అదనంగా డబ్బు పెట్టకండి.

ఇక పండు కోసే దగ్గరకొద్దాం, దీన్ని అందరూ తక్కువ అంచనా వేస్తారు. ఒకే కొమ్మ మీద పచ్చి కాయ, దోరకాయ, పండు, ఎండిపోయినది పక్కపక్కనే ఉంటాయి. పండినవి మాత్రమే ఏరాలంటే అదే చెట్టు దగ్గరకు మళ్లీ మళ్లీ రావాలి, కూలి ఖర్చు పెరుగుతుంది, అందుకే చాలాచోట్ల కొమ్మంతా ఒకేసారి దూసేస్తారు, చదునైన పెద్ద తోటల్లో యంత్రాలతో కోస్తారు. తర్వాత నీళ్లలో తేల్చో, రంగును బట్టి యంత్రంతో వేరు చేసో పచ్చివాటిని చాలావరకు తీసేయొచ్చు, అన్నీ పోవు. ఈ తేడా మీరే చూడొచ్చు. తేలికగానో మధ్యస్థంగానో వేయించిన గింజలు ఒక గుప్పెడు తెల్ల పళ్లెంలో పరచండి. అన్నీ గోధుమ రంగులో ఉంటే మధ్యలో కొన్ని మాత్రం వెలిసిపోయినట్టు లేత పసుపు గోధుమ రంగులో కనిపిస్తాయి, వాటిని క్వేకర్లు అంటారు. పచ్చిగా కోసిన గింజల్లో చక్కెర సరిగా చేరదు కాబట్టి వేయించినప్పుడు రంగు ఎక్కదు. ఒకటి తీసి నమలండి, ఆ తర్వాత పక్కనున్న మామూలు గింజ నమలండి. మొదటిది కాగితం నమిలినట్టు, వేరుశనగ పొట్టులా పొడిగా ఉండి నాలుక మీద వగరు వదిలేస్తుంది. కప్పుకు పట్టే గింజల్లో అలాంటివి నాలుగైదు పడినా తీపి తగ్గి చివర్లో గొంతు పట్టినట్టుంటుంది. మంచి రోస్టర్లు, అంటే గింజలు వేయించి అమ్మేవాళ్లు, వీటిని ఏరి పారేస్తారు. నేను కొత్త దుకాణం గింజలు కొంటే ముందు పళ్లెంలో పోసి ఇవే చూస్తాను, ప్యాకెట్ మీది కథ తర్వాత చదువుతాను.

మీ మొదటి ప్రశ్న ఇప్పుడు తేలిపోతుంది. మీ రెండు ఇథియోపియా ప్యాకెట్లను మళ్లీ తీసి చూడండి, పండ్ల వాసన వచ్చినదాని మీద నేచురల్ అనో డ్రై ప్రాసెస్ అనో, నిమ్మ పులుపు ఉన్నదాని మీద వాష్డ్ అనో ఉంటుందని నా నమ్మకం. వాష్డ్ పద్ధతిలో కోసిన వెంటనే యంత్రంతో తోలు, గుజ్జు తీసేస్తారు, జిగురు పొర మాత్రం గింజకు అంటుకునే ఉంటుంది. ఆ గింజలను తొట్టెలో ఒక పూట నుంచి రెండు రోజుల దాకా వదిలేస్తే సహజంగా ఉండే ఈస్టులు, బ్యాక్టీరియా జిగురును కరిగిస్తాయి, తర్వాత బాగా కడిగి ఆరబెడతారు. పండు తాలూకు రుచి పెద్దగా అంటదు కాబట్టి గింజ సొంత పులుపు, పూల వాసన తేటగా తెలుస్తాయి. నేచురల్ పద్ధతిలో పండును పండుగానే ఎండలో ఆరబెడతారు, వాతావరణాన్ని బట్టి రెండు నుంచి నాలుగు వారాలు. అన్ని రోజులూ గింజ ఆ తియ్యటి గుజ్జులోనే ఉంటుంది, గుజ్జు నెమ్మదిగా పులుస్తూ ఉంటుంది, మీకు తగిలిన మగ్గిన పండు, వైన్ వాసన అక్కడ పుట్టినవే. ఈ పద్ధతిలో ప్రమాదమూ ఎక్కువే. పండ్లు మందంగా పరిచినా, రోజుకు చాలాసార్లు తిరగేయకపోయినా, మధ్యలో వానకు తడిసినా బూజు పడుతుంది, లేదా పులుపు మితిమీరి వెనిగర్ వాసన వస్తుంది. నేచురల్ కాఫీ నచ్చలేదని చెప్పేవాళ్లలో చాలామంది తాగింది సరిగా ఆరబెట్టని నేచురల్‌నే.

ఈ రెండింటి మధ్యలో హనీ పద్ధతి ఉంది, పేరులో తేనె ఉన్నా అందులో తేనె ఏమీ వేయరు, తోలు తీసి జిగురును కొంతో మొత్తమో గింజ మీదే ఉంచి ఆరబెడతారు, రుచి కూడా మధ్యస్థంగా తియ్యగా ఉంటుంది. సుమత్రాలో ఇంకో దారి: గింజ ఇంకా బాగా తడిగా ఉండగానే పార్చ్‌మెంట్ పొట్టు ఒలిచేసి ఆ తర్వాత పూర్తిగా ఆరబెడతారు. సుమత్రా కాఫీకి ఉండే మట్టి వాసన, మూలికల రుచి, తక్కువ పులుపు, బరువు చాలావరకు ఈ పని వల్లే, అయినా జనం మాత్రం అది ఆ దీవి నేల గొప్పతనం అనుకుంటారు. మాన్సూన్డ్ మలబార్ కథ కూడా అలాంటిదే, ఆరిన గింజలను వానాకాలపు తేమగాలికి వారాల తరబడి వదిలేస్తే అవి ఉబ్బి, పాలిపోయి, పులుపు దాదాపు పోగొట్టుకుంటాయి. ఏ పద్ధతైనా చివరికి గింజలో తేమ 10 నుంచి 12 శాతం మధ్యకు రావాలి, అంతకన్నా ఎక్కువ ఉంటే నిల్వలో పాడవుతుంది, మరీ తక్కువైతే రుచి చప్పబడుతుంది.

రెండో ప్రశ్నకు జవాబు: మామూలుగా ఏమీ కలపరు. నిమ్మలో ఉండే సిట్రిక్ ఆమ్లం, ఆపిల్‌లో ఉండే మాలిక్ ఆమ్లం పచ్చి కాఫీ గింజలో సహజంగానే ఉంటాయి. వేయించిన కాఫీలో వాసననిచ్చే పదార్థాలు 800కు పైగా గుర్తించారు, వాటిలో కొన్ని పూలల్లో, పండ్లల్లో, కోకోలో ఉండేవే, అందుకే ముక్కుకు వాటిని గుర్తు చేస్తాయి. రుచి చూసేవాళ్లందరూ ఒకే భాష మాట్లాడుకోవడానికి రుచుల చక్రం ఒకటి ఉంది, 1995లో వచ్చింది, 2016లో స్పెషాలిటీ కాఫీ అసోసియేషన్, వరల్డ్ కాఫీ రీసెర్చ్ కలిసి దాన్ని తిరగరాశాయి. ప్యాకెట్ మీద బ్లూబెర్రీ అని ఉంటే రుచి చూసినవాళ్లకు అది గుర్తొచ్చిందని అర్థం, మీకు నేరేడో ఎండు ద్రాక్షో గుర్తొస్తే మీ నాలుకలో లోపమేమీ లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఫ్లేవర్డ్ అని ఉంటే వేయించాక ఎసెన్స్ పట్టించినట్టు, ఇన్‌ఫ్యూజ్డ్ అనో కో-ఫర్మెంట్ అనో ఉంటే పచ్చి గింజల దశలోనే పండ్లో మసాలాలో చేర్చినట్టు. తప్పేం కాదు, కానీ అమ్మేవాళ్లు ఆ మాట ప్యాకెట్ మీద స్పష్టంగా రాయాలి. కప్పులో ఒకే ఒక్క వాసన సెంటులాగా గుప్పుమని, చల్లారినా మారకుండా అలాగే ఉంటే నాకు అనుమానం వస్తుంది.

మూడో ప్రశ్న, అంటే వేయింపు. పచ్చి గింజ వాసన చూస్తే ఎండుగడ్డి గుర్తొస్తుంది, కాఫీ జాడే ఉండదు. వేయించే యంత్రంలో పోశాక మొదట తేమ పోతుంది, 150 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో పసుపు రంగుకు తిరిగి బ్రెడ్ కాలుతున్న వాసన మొదలవుతుంది, అక్కడి నుంచి చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి గోధుమ రంగు, కాఫీ వాసన తయారవుతాయి. 200 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా గింజ లోపలి ఆవిరి ఒత్తిడికి చిట్లుతుంది, మొక్కజొన్న పేలాలు పేలినట్టు టప్ టప్‌మని వినిపిస్తుంది, దీన్ని మొదటి క్రాక్ అంటారు. తేలికపాటి రోస్ట్ ఇది అయ్యీ అవగానే ఆపేస్తారు, పులుపు, పూలు, పండ్లు నిలుస్తాయి. ఇంకాస్త పోనిస్తే పులుపు తగ్గి పంచదార పాకం, చాక్లెట్ వైపు వస్తుంది. 225 డిగ్రీల ప్రాంతంలో రెండో క్రాక్, ఇది చిన్నగా చిటపటలాడుతుంది, గింజ గోడలు విరుగుతాయి, లోపలి నూనె పైకొస్తుంది. మీ బ్రెజిల్ ప్యాకెట్ మీద మెరిసిన నూనె అదే.

చేదంటే కెఫీన్ అనుకుంటారు, కాఫీ చేదులో కెఫీన్ వాటా తక్కువే. క్లోరోజెనిక్ ఆమ్లాలు వేడికి విడిపోయి మధ్యస్థ రోస్ట్‌లో లాక్టోన్లు అనే పదార్థాలుగా మారతాయి, వాటి చేదు నాలుకకు ఇంపుగానే ఉంటుంది. ఇంకా వేయిస్తే అవి కూడా విరిగి ఫినైలిండేన్లు తయారవుతాయి, నాలుక మీద పట్టుకుని వదలని మాడు చేదు వీటిది. ఆ స్థాయి దాటాక ఏ దేశం గింజైనా దాదాపు ఒకేలా ఉంటుంది, మీరు తాగింది రోస్ట్ రుచి, బ్రెజిల్ రుచి ఇంకా చూడనే లేదు. బ్రెజిల్‌లో ఎక్కువగా నేచురల్, గుజ్జు తీసి ఆరబెట్టే పద్ధతులు వాడతారు, ఎత్తు మరీ ఎక్కువ కాదు, కాబట్టి తక్కువ పులుపు, వేయించిన నట్స్ లాంటి కమ్మదనం, చాక్లెట్ ఉంటాయి, మధ్యస్థంగా వేయిస్తే చాలా హాయైన కాఫీ. నల్లటి రోస్ట్‌లో కెఫీన్ ఎక్కువ ఉంటుందనేది కూడా నిజం కాదు, వేయింపుతో కెఫీన్ పెద్దగా మారదు. ముదురు రోస్ట్ ఇష్టపడితే తాగండి, పాలతో అది బాగుంటుంది కూడా, కానీ దానికోసం పేరున్న తోట గింజకు ఎక్కువ డబ్బు పోయకండి.

తాజాదనం గురించి రెండు మాటలు. వేయించిన తేదీ లేని ప్యాకెట్ నేను కొనను, గడువు తేదీ ఒక్కటే ఉంటే దాన్నిబట్టి ఏమీ తెలియదు. వేయించిన వెంటనే గింజ నిండా కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది, అది నీటిని సరిగా లోపలికి పోనివ్వదు, అందుకే ఒక వారం ఆగితే రుచి కుదురుకుంటుంది, తేలికపాటి రోస్ట్ అయితే ఇంకొన్నాళ్లు ఆగినా మంచిదే. తెరిచిన ప్యాకెట్‌ను గాలి, వెలుతురు, వేడి, తేమ తగలకుండా పెట్టి మూడు నాలుగు వారాల్లో ముగించండి. పొడి కొట్టించి తెచ్చుకుంటే ఇదంతా వేగంగా జరుగుతుంది, కొన్ని గంటల్లోనే పై వాసనలు ఎగిరిపోతాయి. యంత్రం మీద పెట్టే డబ్బులో మొదటి వాటా చిన్న చేతి గ్రైండర్‌కు ఇవ్వండి.

మీ టీలాంటి కాఫీ విషయంలో ఇంకోటి పరీక్షించి చూడాలి. నిమ్మ పులుపు తియ్యదనంతో కలిసి ఉందా, లేక దవడ లాగేసేలా ఉండి వెనక ఏమీ లేకుండా చప్పగా ఉందా? రెండోదైతే తప్పు గింజది కాకపోవచ్చు, పొడిలోని రుచి నీళ్లలోకి సరిగా దిగలేదు. లీటరు నీటికి 60 గ్రాముల లెక్కన వేసి, పొడి కాస్త సన్నం చేసి, నీళ్లు 92 నుంచి 96 డిగ్రీల మధ్య ఉండేలా చూసుకోండి, తేలిక రోస్ట్‌కు మరిగే నీళ్లు వాడినా నష్టం లేదు. అప్పుడు పులుపు తగ్గి తీపి కనిపించాలి. మరీ సన్నం చేస్తే చేదు, వగరు మొదలవుతాయి, అక్కడ ఒక మెట్టు వెనక్కి రండి. నీళ్ల సంగతి కూడా చూడండి, కప్పులో 98 శాతానికి పైగా ఉండేది నీళ్లే. ఖనిజాలన్నీ తీసేసిన ఫిల్టర్ నీళ్లలో కాఫీ బోలుగా ఉంటుంది, బైకార్బొనేట్ ఎక్కువున్న నీళ్లు పులుపునంతా తినేసి మంచి కెన్యా కాఫీని కూడా సుద్దనీళ్లలా చేసేస్తాయి.

ఈసారి కొనేటప్పుడు వేయించిన తేదీ, ఎంత వేయించారు, ఏ పద్ధతిలో ఆరబెట్టారు, ఈ మూడూ చూసి ఆ తర్వాతే రకం, ఎత్తు, దేశం వైపు వెళ్లండి. పులుపు పడకపోతే మధ్యస్థ రోస్ట్‌లో బ్రెజిల్ నేచురల్‌తో మొదలుపెట్టండి. నిజంగా నేర్చుకోవాలనుంటే ఒకే రోస్టర్ దగ్గర, ఒకే ప్రాంతానికి చెందిన వాష్డ్ ఒకటి, నేచురల్ ఒకటి చిన్న ప్యాకెట్లు తీసుకోండి. రెండు గిన్నెల్లో 12 గ్రాముల చొప్పున పొడి వేసి, 200 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోసి, నాలుగు నిమిషాలకు పైన కట్టిన తెట్టును చెంచాతో నెట్టి వాసన చూడండి, తేలినది తీసేసి పది నిమిషాలు ఆగి, చెంచాతో జుర్రుతూ ఒకటి మార్చి ఒకటి రుచి చూడండి. వేడిగా ఉన్నప్పుడు పెద్దగా తేడా తెలియకపోయినా గోరువెచ్చబడ్డాక స్పష్టంగా తెలుస్తుంది. లోపం ఉన్న గింజ కూడా అప్పుడే బయటపడుతుంది, కాబట్టి రెండు గిన్నెలూ పూర్తిగా చల్లారేదాకా చూస్తూనే ఉండండి. మీ రెండు ఇథియోపియా ప్యాకెట్ల మీద నేచురల్, వాష్డ్ అని నేను చెప్పినట్టే ఉందో లేదో చూసి రాయండి. అలా లేకపోతే వేయించిన తేదీ, రోస్ట్ రంగు కూడా చెప్పండి, అప్పుడు కారణం వేరే చోట వెతుకుదాం.